పాత బండికి ఏ గ్రేడ్ ఇంజిన్ ఆయిల్? ఎండకి ఒకటి, చలికి ఒకటి నిజంగా కావాలా?

ఏప్రిల్ రాగానే మెకానిక్ షెడ్లలో ఒకటే మాట: "ఎండలు ముదురుతున్నాయ్ సార్, ఈసారి గట్టి ఆయిల్ వేద్దాం." సంక్రాంతి చలికి పొద్దున్నే కిక్ కొట్టి కొట్టి కాలు నొప్పెడితే, అదే షెడ్‌లో "ఆయిల్ చిక్కగా ఉంది, పల్చనిది వేయాల్సింది" అంటారు. సరే అని షాపుకెళ్తే ర్యాక్ నిండా 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50, 15డబ్ల్యూ-50 డబ్బాలు, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, షాపాయన చేతికి అందింది ఇచ్చేస్తాడు.

పదిహేను, ఇరవై ఏళ్లు దాటిన స్ప్లెండర్, ప్యాషన్, పల్సర్, పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ లాంటి బళ్లు ఇంకా రోజూ తిప్పుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. తెలుగు రాష్ట్రాల్లో తిరిగే బండికి కాలాన్ని బట్టి గ్రేడ్ మార్చాల్సిన అవసరం దాదాపు లేదు. ఇంజిన్ ఏది, అది ఎంత అరిగింది, మీరు దాన్ని ఎలా నడుపుతారు, ఈ మూడూ చూసి ఒక గ్రేడ్ పట్టుకుని, దాన్ని టైముకి మారుస్తూ పోతే చాలు.

నమ్మకం కుదరకపోతే ఒక్క విషయం చూడండి. ఖమ్మంలో మే నెల ఎండ స్ప్లెండర్‌కీ పల్సర్‌కీ ఒకటే కదా. కానీ స్ప్లెండర్‌కి హీరో వాళ్లు 10డబ్ల్యూ-30 వేయమంటారు, పల్సర్‌కి బజాజ్ వాళ్లు 20డబ్ల్యూ-50 వేయమంటారు. రెండూ అదే రోడ్డు మీద, అదే ఎండలో ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. గ్రేడ్‌ని తేల్చేది వాతావరణమే అయితే ఇద్దరూ ఒకే అంకె చెప్పాలి.

## అంకెల లెక్క, త్వరగా

20డబ్ల్యూ-50 అంటే, డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది, చిన్నదైతే చలిలో పల్చన. వెనకున్న అంకె వేడెక్కిన ఇంజిన్‌లో ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది, దీన్ని 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలుస్తారు.

ముందు అంకె గురించి మనవాళ్లు పడే టెన్షన్ అనవసరం. 20డబ్ల్యూ ఆయిల్‌కి చలి పరీక్ష మైనస్ 15 డిగ్రీల దగ్గర పెడతారు, 15డబ్ల్యూకి మైనస్ 20, 10డబ్ల్యూకి మైనస్ 25. మన దగ్గర చలి అంటే లంబసింగిలో సున్నా దరిదాపులకి, ఆదిలాబాద్ వైపు ఐదారు డిగ్రీలకి దిగడం. అంటే 20డబ్ల్యూ ఆయిల్ కూడా మన చలికి గడ్డకట్టే ప్రశ్నే లేదు. కిక్ కాస్త బరువుగా ఉంటుంది, మొదటి గేర్ 'టక్' మని పడుతుంది, రెండు నిమిషాలకి సర్దుకుంటుంది.

వెనక అంకెలో మాత్రం విషయం ఉంది. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడ్ అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్), 40 అంటే 12.5 నుంచి 16.3, 50 అంటే 16.3 నుంచి 21.9. ఇవి పాయింట్లు కావు, రేంజులు. పై అంచున ఉన్న 40కీ కింది అంచున ఉన్న 50కీ తేడా నామమాత్రం. పైగా బండి ఆయిల్ కారు ఆయిల్‌లా ఇంజిన్‌కే పరిమితం కాదు, చాలా బళ్లలో అదే ఆయిల్ గేర్‌బాక్స్‌లోనూ తిరుగుతుంది. ఆయిల్‌ని వేడిలో చిక్కగా ఉంచడానికి కలిపే పాలిమర్లు గేర్ పళ్ల మధ్య పడి నలిగి తెగిపోతాయి. దాంతో పోసిన రోజు 50గా ఉన్నది కొన్ని వేల కిలోమీటర్లకి 40లోకి జారిపోగలదు. 40 పోయాలా 50 పోయాలా అని అరగంట వాదించుకుని, పోసింది ఎనిమిది వేల కిలోమీటర్లు మార్చకుండా తిప్పేవాళ్లని చూస్తుంటాను, వాళ్ల ఇంజిన్‌లో చివరికి ఉండేది ఏ గ్రేడో ఆ ఆయిల్‌కే తెలియాలి.

"మే నెల ఎండకి ఆయిల్ నీళ్లైపోదా" అని అడుగుతారు. బయట 45 డిగ్రీలున్నప్పుడు నీడన నిలబెట్టిన బండిలో ఆయిల్ కూడా 45 దగ్గరే ఉంటుంది. ఒక మామూలు 20డబ్ల్యూ-50 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర, 100 డిగ్రీల దగ్గర ఉండేదానికి సుమారు ఎనిమిది, తొమ్మిది రెట్లు చిక్కగా ఉంటుంది. అంటే రెంటచింతల ఎండలో కూడా, స్టార్ట్ చేసే క్షణానికి ఆయిల్ పల్చన కాదు, ఉండాల్సినదానికన్నా చాలా చిక్కన. అసలు పరీక్ష తర్వాత మొదలవుతుంది. ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌ని చల్లబరిచేది బయటి గాలే కాబట్టి, ఆ గాలి ఇరవై డిగ్రీలు వేడిగా ఉంటే లోపల ఆయిల్ కూడా ఇంచుమించు అంత ఎక్కువ వేడెక్కుతుంది. గాలి వేడిగా ఉండటమే కాక అసలు తగలకుండా పోతే, అంటే సిగ్నల్ దగ్గర ఇరుక్కుంటే, అప్పుడు ఇంకా దారుణం. ఖాళీ హైవే మీద మేలో 60 స్పీడులో పోయే స్ప్లెండర్ కన్నా, డిసెంబర్ సాయంత్రం అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా ఫస్ట్, సెకండ్ గేర్లలో పాకే స్ప్లెండర్‌లో ఆయిల్ ఎక్కువ కష్టపడే సందర్భాలుంటాయి.

## గ్రేడ్ కన్నా ముందు చూడాల్సినవి

మొదటిది, మీ బండి మాన్యువల్‌లో ఏముంది. పుస్తకం పోయి ఉంటుంది, తెలుసు. చాలా బళ్లకి ఆయిల్ మూత మీదో, క్రాంక్ కేస్ మీదో పరిమాణం అచ్చు ఉంటుంది, గ్రేడ్ కంపెనీ వెబ్‌సైట్లో దొరుకుతుంది. చాలా పాత మాన్యువల్స్‌లో ఉష్ణోగ్రతల పట్టిక కనిపిస్తే దాన్ని చూసి కంగారుపడకండి. అది ఒకే అంకెతో వచ్చే సింగిల్ గ్రేడ్ ఆయిల్స్ కాలం నాటిది, ఎండాకాలానికి 40 లేదా 50, చలికి 30 అని విడివిడిగా పోయాల్సి వచ్చేది. 20డబ్ల్యూ-50 లాంటి రెండు అంకెల మల్టీగ్రేడ్ వచ్చాక ఆ పని ఒక్క డబ్బానే చేస్తోంది. మన షెడ్లలో "కాలానికో ఆయిల్" అనే అలవాటు అక్కడి నుంచి మిగిలిపోయిందే.

రెండోది, ఇంజిన్ ఎంత అరిగింది. దీనికి కంప్రెషన్ గేజ్ అక్కర్లేదు. ఆయిల్ లెవెల్ చూసి పెట్టుకుని, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఎంత తగ్గిందో మళ్లీ చూడండి. రాత్రంతా నిలబెట్టి పొద్దున్న స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ మీద అనుమానం. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా పొగ వస్తుంటే పిస్టన్ రింగులు, సిలిండర్ బోర్ అరిగాయని అనుమానం. వానాకాలం పొద్దున్న తెల్లగా వచ్చి మాయమయ్యేది నీటి ఆవిరి, దాన్ని చూసి ఇంజిన్ విప్పించకండి.

మూడోది, క్లచ్. గేర్‌బాక్స్, క్లచ్ ఒకే ఆయిల్‌లో మునిగి ఉండే బళ్లకి డబ్బా వెనక 'జాసో ఎంఎ' లేదా 'ఎంఎ2' ముద్ర ఉండి తీరాలి, జాసో అంటే జపాన్ వాహన ప్రమాణాల సంస్థ. 'ఎంబి' అని ఉంటే అది స్కూటర్లకి, క్లచ్ జారుతుంది. కారు కోసం అమ్మే 10డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-30లలో ఇంధనం ఆదా అయ్యేలా రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, అవి బండి క్లచ్ ప్లేట్లకి పడవు. గ్రేడ్ ఒక మెట్టు అటూ ఇటూ అయినా బండి నడుస్తుంది. ఈ ముద్ర తప్పితే మాత్రం ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంటుంది, బండి ముందుకి పోదు.

## గ్రేడ్ల వారీగా

| గ్రేడ్ | ఎవరికి | కలిసొచ్చేది | ఇబ్బంది |
|---|---|---|---|
| 10డబ్ల్యూ-30 | కండిషన్‌లో ఉన్న 100-125 సీసీ హీరో, హోండా బళ్లు | త్వరగా పైకి చేరుతుంది, మైలేజీ, తేలిక కిక్ | అరిగిన ఇంజిన్ దీన్ని తాగేస్తుంది |
| 20డబ్ల్యూ-40 | వయసైన 100-125 సీసీ, బరువులు మోసే బళ్లు | చవక, పల్లెల్లో కూడా దొరుకుతుంది | చలి ఉదయాల్లో కాస్త మొరాయింపు |
| 20డబ్ల్యూ-50 | పల్సర్, కాస్ట్ ఐరన్ బుల్లెట్ | వేడిలో మందమైన పొర, తక్కువ శబ్దం | చిన్న ఇంజిన్‌కి బరువు |
| 15డబ్ల్యూ-50 | యూసీఈ బుల్లెట్ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేస్‌లో ఉండే తర్వాతి తరం), క్లాసిక్, దూర ప్రయాణాలు | చలికీ ఎండకీ ఒకటే సరిపోతుంది | ధర ఎక్కువ |
| 10డబ్ల్యూ-40 | చల్లటి ఊళ్లలో పాత బళ్లు | 10డబ్ల్యూ-30కీ 20డబ్ల్యూ-40కీ మధ్యస్థం | చిన్న ఊళ్లలో తక్కువగా దొరుకుతుంది |

10డబ్ల్యూ-30. "నీళ్లలా ఉంది, ఇదేం ఆయిల్" అని మెకానిక్‌లు చిన్నచూపు చూసేది దీన్నే. స్టార్ట్ చేసిన వెంటనే హెడ్ దాకా చేరడం, ఇంజిన్ తేలిగ్గా తిరగడం, ఈ రెండిట్లో దీని తర్వాతే ఏదైనా. స్ప్లెండర్ లాంటి ఇంజిన్‌లో వేడి తక్కువ, బరువు తక్కువ, కంపెనీ ఆ ఇంజిన్‌ని దీంతో నడిపేలా చెబుతోంది. రోజుకి పదిసార్లు ఆపి స్టార్ట్ చేసేవాళ్లకి, అంటే ఇంటి నుంచి షాపుకి, షాపు నుంచి బ్యాంకుకి తిరిగేవాళ్లకి ఇది బాగా నప్పుతుంది. బెంగళూరులో ఉండి పాత ప్యాషన్ నడిపే మనవాళ్లు ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, అక్కడ ఏడాదంతా వాతావరణం దీనికి అనుకూలమే. ఒక్క షరతు, ఆయిల్ లెవెల్ పడిపోకూడదు. స్ప్లెండర్‌లో మార్చినప్పుడు పట్టేదే లీటరు లోపు, అందులో రెండు వందల మిల్లీలీటర్లు తగ్గినా పెద్ద భాగమే పోయినట్టు.

20డబ్ల్యూ-40. మన ఊళ్లలో ఎక్కువగా అమ్ముడయ్యే రకాల్లో ఇదొకటి, సర్వో, క్యాస్ట్రాల్ యాక్టివ్, హెచ్‌పీ రేసర్, ఏ బంకులో అడిగినా ఏదో ఒకటి ఉంటుంది. అరవై, డెబ్బై వేల కిలోమీటర్లు దాటి, పొగ ఇంకా మొదలవ్వకుండా, కానీ వెయ్యి కిలోమీటర్లకి కాస్త ఆయిల్ తగ్గుతున్న వంద సీసీ బండికి నేను చెప్పేది ఇదే. వెనక రెండు పాల క్యాన్లు, ముందు ట్యాంక్ మీద దాణా మూట పెట్టుకుని కాలవగట్టు మీద సెకండ్ గేర్‌లో పోయే బండికి కూడా ఇదే. మైలేజీ లీటరుకి ఒకటో రెండో తగ్గినట్టు అనిపించవచ్చు, అలాంటి వాడకంలో అది పట్టించుకునే లెక్క కాదు. అయితే కండిషన్‌లో ఉన్న బండికి "ఎందుకైనా మంచిది" అని ఇది పోయడంలో నాకు అర్థం కనిపించదు.

20డబ్ల్యూ-50. పాత పల్సర్ 150, 180లకి బజాజ్ చెప్పింది ఇదే, కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి అలవాటైందీ ఇదే. వేడి ఎక్కువ పుట్టే ఇంజిన్లు, కాబట్టి వేడిలో మందంగా నిలిచే ఆయిల్ కావాలి. దీన్ని స్ప్లెండర్‌లో పోస్తే ఏమవుతుంది? బండి పేలిపోదు. శబ్దం తగ్గుతుంది, అందుకే "ఇంజిన్ స్మూత్ అయింది" అని సంబరపడతారు. కానీ పొద్దున్న స్టార్ట్ చేశాక ట్యాపెట్ల దాకా ఆయిల్ చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఇంజిన్ ఎక్కువగా అరిగేది ఆ సమయంలోనే. శబ్దం తగ్గితే అరుగుదల తగ్గినట్టు కాదు.

15డబ్ల్యూ-50. 2010 దరిదాపుల నుంచి వచ్చిన యూసీఈ బుల్లెట్‌లకి, క్లాసిక్ 350కి రాయల్ ఎన్‌ఫీల్డ్ చెప్పే గ్రేడ్, ఎక్కువగా సెమీ సింథటిక్‌గా దొరుకుతుంది. హైదరాబాద్ నుంచి లడఖ్ పోయేవాళ్లకి దీన్ని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఆ ట్రిప్‌లో నాగ్‌పూర్ ఎండా తగులుతుంది, సర్చు, పాంగ్ లాంటి చోట్ల ఎముకలు కొరికే రాత్రులూ తగులుతాయి, దారిలో ఆయిల్ మార్చుకుంటూ కూర్చోలేం. పల్సర్ వాళ్లు కూడా 20డబ్ల్యూ-50 బదులు దీన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు, వేడిలో రెండూ ఒకే తరగతి. ఊళ్లోనే తిరిగే బండికి అదనంగా డబ్బు పెట్టాలా అంటే, నా వరకు వద్దు. ఆ డబ్బుతో అదే 20డబ్ల్యూ-50ని ఇంకాస్త ముందుగా మార్చుకోవడం మేలు.

ఇక సింగిల్ గ్రేడ్ 40 నంబర్ ఆయిల్, లారీల కోసం వచ్చే డీజిల్ ఇంజిన్ 15డబ్ల్యూ-40, ఇవి కూడా పాత బుల్లెట్‌లలో పోసేవాళ్లున్నారు. మోటారు షెడ్డులో డీజిల్ ఇంజిన్‌కి తెచ్చింది మిగిలితే బండికి కూడా పోసేస్తారు. మల్టీగ్రేడ్ ప్రతి కిరాణా షాపులో దొరికే ఈ రోజుల్లో సింగిల్ గ్రేడ్‌కి ఇక కారణం లేదు. డీజిల్ ఆయిల్ అయితే డబ్బా మీద జాసో ఎంఎ ఉందేమో చూడండి, లేకపోతే తడి క్లచ్ ఉన్న బండికి వద్దు.

## ఇక కాలాలు

ఎండాకాలం. గ్రేడ్ మార్చకుండా ఒక్క పని చేయండి, మార్చికో ఏప్రిల్‌కో ఆయిల్ మార్చి వేసవిలోకి దిగండి. సగం నలిగిన 20డబ్ల్యూ-50 కన్నా కొత్త 20డబ్ల్యూ-40 రోహిణి కార్తెలో బాగా నిలబడుతుంది. ఇంకోటి, సిలిండర్ రెక్కల మధ్య పేరుకున్న బురద, ఆయిల్ జిడ్డు గీకించండి, ఇది ఎవరూ చేయించరు, గాలి తగలనివ్వకపోతే ఏ గ్రేడ్ పోసినా ఉపయోగం తక్కువే. ఒక మెట్టు పైకి వెళ్లడం ఎవరికి సబబంటే, డెలివరీ చేస్తూ మధ్యాహ్నమంతా సిటీలో తిరిగే పాత వంద సీసీ బండి వాళ్లకి. అప్పుడు కూడా 30 నుంచి 40కి, అంతకన్నా వద్దు. రోజుకి పది గంటలు తిరిగే బండికి అదే ఆయిల్ డిసెంబర్‌లో కూడా ఉంచుకోవచ్చు, మళ్లీ వెనక్కి రావక్కర్లేదు.

వానాకాలం గురించి ఎవరూ అడగరు గానీ పాత బండికి నిజంగా చెడ్డ కాలం ఇదే. రెండు కిలోమీటర్లు పోయి ఆపేస్తే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన తేమ ఆవిరై బయటికి పోదు, ఆయిల్‌తో కలిసి మజ్జిగలా తయారవుతుంది. ఆయిల్ మూత తీసి చూడండి, లోపలి అంచున తెల్లటి నురగ ఉంటే అదే. కొంచెం ఉంటే ఒకరోజు ముప్పై, నలభై కిలోమీటర్లు ఆపకుండా నడిపితే పోతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలే పాలలా ఉంటే మార్చేయండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో బళ్లు మునిగినట్టు మీ బండి ఎప్పుడైనా మునిగితే, కిక్ కొట్టొద్దు, సెల్ఫ్ నొక్కొద్దు. ముందు ఆయిల్ దించేసి, ప్లగ్ తీసి సిలిండర్‌లో నీళ్లు లేవని చూసుకుని, దొరికిన వాటిలో చవకైన 20డబ్ల్యూ-40 పోసి కొన్ని నిమిషాలు నడిపి అది కూడా దించేయండి. తేమ ఇంకా కనిపిస్తే ఇంకోసారి. తర్వాతే మీ అసలు గ్రేడ్. ఆ రోజున గ్రేడ్ ఏంటని చూడక్కర్లేదు, నీళ్లు బయటికి రావడమే ముఖ్యం.

చలికాలం. మైదానాల్లో, కోస్తాలో ఏమీ చేయక్కర్లేదు. పాడేరు, చింతపల్లి, అరకు వైపు ఉండేవాళ్లు, కెరమెరి, సిర్పూర్ (యు) వైపు వాళ్లు 20డబ్ల్యూ-50 వాడుతూ పొద్దున్నే ఇబ్బంది పడుతుంటే 15డబ్ల్యూ-50కి మారచ్చు, 20డబ్ల్యూ-40 వాడేవాళ్లు 10డబ్ల్యూ-40 దొరికితే అది. వెనక అంకె మార్చకుండా ముందు అంకె తగ్గించడమే చలికి సరైన పద్ధతి, 50 నుంచి 30కి దూకడం కాదు, ఎందుకంటే ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్‌కి చలి తెలియదు. అయినా చలికి స్టార్ట్ అవ్వని పాత బళ్లలో చాలావాటికి జబ్బు ఆయిల్‌లో ఉండదు. చోక్ కేబుల్ తెగి ఉంటుంది, ప్లగ్ మసిబారి ఉంటుంది, బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. స్టార్ట్ చేయడానికి ముందు క్లచ్ పట్టుకుని రెండు మూడు సార్లు కిక్ కొడితే అంటుకున్న ప్లేట్లు విడిపోతాయి, ఆ 'టక్' శబ్దం సగం పోతుంది.

## కాస్ట్ ఐరన్ బుల్లెట్ సంగతి వేరు

ఈ బండికి విడిగా చెప్పాలి, ఎందుకంటే మిగతా బళ్ల లెక్కలు దీనికి సగమే వర్తిస్తాయి. ఇంగ్లండ్ డిజైన్, 1955 నుంచి మద్రాసులో తయారీ, మూల నిర్మాణం దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. ఇందులో ఇంజిన్ ఆయిల్, క్లచ్ వైపు ప్రైమరీ చెయిన్ కేస్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్ మూడూ వేర్వేరు. కాబట్టి ఇంజిన్ ఆయిల్ క్లచ్‌కి తగలదు, జాసో ముద్ర ఇంజిన్ వరకు తప్పనిసరి కాదు, కానీ ప్రైమరీ కేస్‌లో పోసేదానికి కావాలి. ఒకే డబ్బా తెచ్చి రెండు చోట్లా పోసేవాళ్లు ముద్ర ఉన్నదే కొనండి.

కనెక్టింగ్ రాడ్ కింది భాగంలో చాలా పాత బుల్లెట్‌లకి ఉండేది ఫ్లోటింగ్ బుష్, బేరింగ్ రోలర్లు కాదు. ఆయిల్ పొర మీదే అది తేలుతుంది. ఆయిల్ పంపు చిన్నది, నెమ్మదైనది. ఇలాంటి చోట వేడిలో మందంగా నిలిచే 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిలే నా ఎంపిక, ఎండైనా చలైనా. ఎవరో చెప్పారని మైలేజీ కోసం 10డబ్ల్యూ-30 పోసే ప్రయోగం ఈ బండి మీద చేయకండి.

దీనికి ఇంకో గుణం ఉంది. వారాల తరబడి నిలబెడితే ఆయిల్ ట్యాంకులో ఉండాల్సిన ఆయిల్ పంపు గుండా మెల్లగా క్రాంక్ కేస్‌లోకి దిగిపోతుంది. అప్పుడు డిప్‌స్టిక్ పెట్టి చూస్తే ఆయిల్ లేనట్టే కనిపిస్తుంది, కంగారుపడి అరలీటరు పోస్తారు, స్టార్ట్ చేయగానే దిగిన ఆయిల్ వెనక్కి ట్యాంకులోకి చేరి లెవెల్ దాటిపోతుంది, బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) నుంచి కక్కుతుంది, సైలెన్సర్ నుంచి పొగ. ముందు కాసేపు నడిపి, ఆపిన వెంటనే లెవెల్ చూడాలి. చిక్కటి ఆయిల్ ఈ దిగడాన్ని కాస్త నెమ్మదింపజేస్తుంది, అది కూడా 20డబ్ల్యూ-50 వైపే మొగ్గు చూపే కారణం.

యూసీఈ బుల్లెట్‌కి ఇవేవీ వర్తించవు. అందులో క్లచ్, గేర్లు, ఇంజిన్ అన్నిటికీ ఒకే ఆయిల్, జాసో తప్పనిసరి, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ ట్యాపెట్లు కాబట్టి పొద్దున్న ఆయిల్ త్వరగా చేరాలి, 15డబ్ల్యూ-50 దాటి చిక్కనిది వద్దు.

ఆర్‌ఎక్స్ 100, పాత యెజ్డీ వాళ్లు అడుగుతారు కాబట్టి ఒక్క మాట: అవి టూ స్ట్రోక్, ఇంజిన్‌లో పెట్రోల్‌తో కలిసి కాలిపోయే 2టీ ఆయిల్‌కి ఈ గ్రేడ్ల గొడవ లేదు. గేర్‌బాక్స్ ఆయిల్‌కి మాత్రమే గ్రేడ్ చూడాలి, అది మాన్యువల్ ప్రకారం పోసి మర్చిపోండి.

## పొగ వచ్చే బండికి చిక్కటి ఆయిల్ పోయాలా?

పోయచ్చు, ఏం కొంటున్నారో తెలిసి పోయాలి. అరిగిన రింగుల పక్క నుంచి చిక్కటి ఆయిల్ తక్కువగా కారుతుంది, పొగ తగ్గుతుంది, ఆయిల్ ఖర్చు తగ్గుతుంది. కానీ అరుగుదల ఆగదు. ఇంజిన్ పనికి డబ్బు సమకూరే దాకా మూడు నాలుగు నెలలు బండి నడవాలనుకునేవాళ్లకి 10డబ్ల్యూ-30 నుంచి 20డబ్ల్యూ-50కి వెళ్లడం న్యాయమైన సర్దుబాటే. ఇంకో ఏడాదిలో అమ్మేసే బండికి కూడా సరే, కొనేవాడికి నిజం చెప్పి అమ్మండి. అదే నాన్నగారి బండి, ఇంకో పదేళ్లు ఉంచుకోవాలి అంటే మాత్రం బోర్ చేయించి, కొత్త పిస్టన్ వేయించి, మళ్లీ కంపెనీ గ్రేడ్‌కి వచ్చేయండి. పాత ఇంజిన్‌కి అలవాటైన 50 నంబర్‌నే కొత్త బోర్‌కి కూడా కొనసాగించేవాళ్లు చాలామంది, అక్కర్లేదు.

ఇలాంటి బండి కొనేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. పొగ లేదు, శబ్దం లేదు, కానీ ఆయిల్ తేనెలా సాగుతూ దిగుతోందంటే అమ్మేవాడు ముందురోజే ఏదో పోశాడని అనుమానించాలి.

## మినరలా, సింథటిక్కా, ఎన్ని కిలోమీటర్లకి

సింథటిక్ పోస్తే పాత బండి లీకవుతుందని భయపెడతారు. ఎండి బిరుసెక్కిన సీల్ ఎలాగూ కారుతుంది, దాని చుట్టూ గట్టిపడిన జిడ్డు ఇన్నాళ్లు అడ్డంగా ఉండి ఉంటుంది, మంచి ఆయిల్ దాన్ని కడిగేస్తుంది, అంతే. సీల్ మార్చితే సరిపోయేదానికి ఆయిల్‌ని తిడతాం. అయినా పాత కార్బురేటర్ బళ్లకి నా సలహా మినరలే. చవక కాబట్టి త్వరగా మార్చడానికి చెయ్యి వెనకాడదు. స్ప్లెండర్ తరం బళ్లలో కారులో లాంటి పేపర్ ఫిల్టర్ ఉండదు, ఒక జాలీ, క్రాంక్‌తో పాటు తిరుగుతూ మురికిని పట్టుకునే రోటర్ ఉంటాయి, కాబట్టి మురికి బయటికి పోవడానికి పెద్ద దారి ఆయిల్ మార్చడమే. కంపెనీ అంతకన్నా ఎక్కువ దూరం చెప్పినా, వయసైన బండికి 2,500 నుంచి 3,000 కిలోమీటర్లకి మార్చేస్తాను. కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాదికి ఒకసారి, వానలు వెళ్లాక.

కొత్తగా కొన్న సెకండ్ హ్యాండ్ బండి, ఆయిల్ తారులా దిగితే, మొదటిసారి పోసిన ఆయిల్‌ని వెయ్యి కిలోమీటర్లకే దించేయండి, రెండోసారి నుంచి మామూలు లెక్క.

డబ్బా ఎక్కడ కొంటారన్నది కూడా గ్రేడంత ముఖ్యం. ఖాళీ డబ్బాల్లో పాత ఆయిల్ వడగట్టి నింపి అమ్మే బ్యాచ్ అన్ని ఊళ్లలో ఉంది. బంకులోనో, కంపెనీ డీలర్ దగ్గరో కొనండి, మూత సీల్ మీ కళ్ల ముందే విప్పమనండి, ఖాళీ అయ్యాక డబ్బాకి కత్తితో ఒక గాటు పెట్టి పడేయండి. మధ్యలో లెవెల్ తగ్గి చేతికి వేరే గ్రేడ్ మాత్రమే దొరికితే, జాసో ముద్ర ఉన్నంతవరకు అది కలిపినా ఫర్వాలేదు, తక్కువ ఆయిల్‌తో నడపడం కన్నా నయం. లెవెల్ చూసేటప్పుడు బండి మెయిన్ స్టాండ్ మీద నిటారుగా ఉండాలి, స్ప్లెండర్ లాంటి హోండా ఇంజిన్లలో డిప్‌స్టిక్‌ని మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి, మర బిగిస్తే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. దించిన పాత ఆయిల్‌ని కాలవలో పారబోయకుండా మెకానిక్ దగ్గర డ్రమ్ములో పోయించండి, చాలా షెడ్లలో దాన్ని కొనుక్కునేవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు.